గుణించాలా, భాగించాలా? ప్రమాణాల మార్పిడిలో తికమక ఎక్కడ మొదలవుతుంది

సంక్షిప్తంగా: సైన్సు లెక్కల్లో ప్రమాణాలు మార్చేటప్పుడు వచ్చే తప్పుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. అంకె పక్కన ప్రమాణం రాయకుండా లెక్క చేసేయడం. మార్పిడి గుణకం అంటే విలువ 1 ఉన్న భిన్నం. లవంలో, హారంలో ప్రమాణాలు రాసి ఉంచితే గుణించాలో భాగించాలో అవే చెబుతాయి. వర్గాలు, ఘనాలు, ఉష్ణోగ్రత, పదార్థాన్ని బట్టి మారే గుణకాలు ఉన్న చోట మాత్రం ఇంకొంచెం జాగ్రత్త కావాలి.

హైస్కూలు భౌతికశాస్త్రం నోటుపుస్తకాల్లో తరచూ కనిపించే లెక్క ఇది. ఒక బస్సు గంటకు 72 కిలోమీటర్ల వడితో వెళ్తోంది. బ్రేకు వేస్తే 10 సెకన్లలో ఆగింది. త్వరణం ఎంత? మొదటి మెట్టులోనే 72 పక్కన ఒక భిన్నం ఉంటుంది. కొందరి పుస్తకంలో అది 5/18, కొందరి పుస్తకంలో 18/5. ఒకటి రాసి, కొట్టేసి, దాని మీద రెండోది రాసినవాళ్లూ ఉంటారు. ఆ కొట్టివేతను చూస్తే విషయం తెలిసిపోతుంది. గుణకం గుర్తుంది, ఏ అంకె పైన ఉండాలో గుర్తులేదు.

5/18తో గుణిస్తే సెకనుకు 20 మీటర్లు వస్తుంది. 18/5తో గుణిస్తే 259.2. పోటీ పరీక్షల్లో ఇలా తలకిందులైతే వచ్చే జవాబును కూడా ఆప్షన్లలో పెట్టడం మామూలే. తప్పు చేసిన విద్యార్థికి తన జవాబు ఎదురుగా కనిపిస్తుంది, ఇక అనుమానం రాదు. కానీ సెకనుకు 259.2 మీటర్లంటే గంటకు దాదాపు 933 కిలోమీటర్లు. ప్రయాణికుల జెట్ విమానాలు వెళ్లేది ఇంచుమించు ఆ వడితోనే. రోడ్డు మీద బస్సు అలా వెళ్లదని ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ తెలివి లెక్క దాకా ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

ఒకటితో గుణించడం

ఐదు వందల నోటు ఇచ్చి ఐదు వంద నోట్లు తీసుకుంటే చేతిలో ఉన్న నోట్ల సంఖ్య మారుతుంది, డబ్బు మారదు. ప్రమాణాల మార్పిడి కూడా చిల్లర మార్చడం లాంటిదే. దూరం అంతే ఉంటుంది, దాన్ని చెప్పే అంకె మారుతుంది.

1 కిలోమీటరు, 1000 మీటర్లు ఒకే దూరం. సమానమైన రెండింటిలో ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 1 వస్తుంది. కాబట్టి (1000 మీ / 1 కి.మీ) అనే భిన్నం విలువ 1. దాన్ని తిరగేసి (1 కి.మీ / 1000 మీ) అని రాసినా విలువ 1. దేన్ని 1తో గుణించినా విలువ మారదు. మార్పిడి గుణకం పనిచేయడానికి ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

రెండు రూపాల్లో ఏది వాడాలి? వదిలించుకోవాల్సిన ప్రమాణం పైన ఉంటే, గుణకంలో అది కింద ఉండాలి. అప్పుడే రెండూ కొట్టుకుపోతాయి. బస్సు లెక్కను అలా రాస్తే:

72 కి.మీ/గం × (1000 మీ / 1 కి.మీ) × (1 గం / 3600 సె) = 20 మీ/సె

కిలోమీటరు పైనా కిందా ఉంది, పోయింది. గంట కూడా అంతే. మిగిలింది మీటర్లు, సెకన్లు. 1000ని 3600తో భాగిస్తే 5/18. అంటే బట్టీ పట్టిన ఆ భిన్నం ఈ వరుసలోంచి దానంతట అదే వచ్చింది. దాన్ని గుర్తుపెట్టుకున్నా ఇబ్బంది లేదు, మరిచిపోయినా నష్టం లేదు.

ఈ పద్ధతిలో అసలు మేలు తప్పు చేసినప్పుడు తెలుస్తుంది. కిలోమీటరు గుణకాన్ని తిరగేసి రాశారనుకుందాం. 72 కి.మీ/గం × (1 కి.మీ / 1000 మీ) అని గుణిస్తే కిలోమీటరు పోకపోగా వర్గమై కూర్చుంటుంది, కింద మీటరు మిగులుతుంది. 'గంట మీటరుకు ఇన్ని చదరపు కిలోమీటర్లు' అనే ప్రమాణం ఎక్కడా ఉండదు. తప్పు చేసినచోటే కాగితం మీద పట్టుబడుతుంది. ఉత్త అంకెలతో చేస్తే ఈ హెచ్చరిక రాదు. 72 × 18/5 అని రాస్తే అందులో తప్పని చెప్పేది ఏదీ ఉండదు, అంకెలు ఎటైనా గుణించబడతాయి.

'పెద్ద నుంచి చిన్నకు గుణించు' ఎక్కడ చెడుతుంది

చిన్న తరగతుల్లో ఒక సులువు చెబుతారు. పెద్ద ప్రమాణం నుంచి చిన్న ప్రమాణానికి వస్తే గుణించు, చిన్న నుంచి పెద్దకు వెళ్తే భాగించు. 3 కిలోల బియ్యాన్ని గ్రాముల్లోకి మార్చాలంటే 1000తో గుణిస్తాం, 3000 గ్రాములు. సూత్రం సరైనదే. చెడేది రెండు ప్రమాణాలు కలిసి ఉన్నప్పుడు.

కి.మీ/గం నుంచి మీ/సెకి వచ్చేటప్పుడు కిలోమీటరు చిన్నదైంది, గంటా చిన్నదైంది. రెండూ పెద్ద నుంచి చిన్నకే వచ్చాయి కాబట్టి అంకె పెరగాలని అనిపిస్తుంది. జరిగేది తగ్గడం. కారణం, గంట హారంలో ఉంది. గంటలో 72 కిలోమీటర్లు పోయే బస్సు ఒక్క సెకనులో అందులో 3600వ వంతే పోతుంది. హారంలో ఉన్న ప్రమాణం చిన్నదైతే అంకె కూడా తగ్గుతుంది. 18/5 రాసిన విద్యార్థి తెలివి తక్కువవాడేం కాదు. నేర్పిన సూత్రాన్ని అది వర్తించని చోట నమ్మకంగా వాడాడు.

సాంద్రత దగ్గర ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. ఇనుము సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు. దాన్ని ఘనపు మీటరుకు కిలోగ్రాముల్లోకి మార్చాలి. గ్రాము నుంచి కిలోగ్రాముకు అంటే చిన్న నుంచి పెద్దకు. ఘనపు సెంటీమీటరు నుంచి ఘనపు మీటరుకు కూడా అంతే. అయితే భాగించాలి కదా అని 0.0078 రాసేవాళ్లు ఉంటారు. పూర్తిగా రాస్తే:

7.8 గ్రా/సెం.మీ³ × (1 కి.గ్రా / 1000 గ్రా) × (10,00,000 సెం.మీ³ / 1 మీ³) = 7,800 కి.గ్రా/మీ³

పైన వెయ్యితో భాగించినా కింద పది లక్షలు పుట్టుకొచ్చి మొత్తం వెయ్యి రెట్లయింది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న ఇనుప దిమ్మను ఊహించుకుంటే దాదాపు ఎనిమిది టన్నులు ఉంటుందనడంలో ఆశ్చర్యం ఉండదు. అదే దిమ్మ 0.0078 కిలోలంటే ఎనిమిది గ్రాములు. చేతి వేలి ఉంగరమంత.

గజం, చదరపు గజం, నీళ్ల ట్యాంకు

వర్గాలు, ఘనాల దగ్గర జరిగే పొరపాటుకు తెలుగు మాటలో కూడా ఒక కారణం ఉంది. స్థలం గురించి మాట్లాడేటప్పుడు 'రెండు వందల గజాల ప్లాటు' అంటారు. అక్కడ గజం అంటే చదరపు గజం. 'చదరపు' అనే మాట నోటివాడుకలో ఎప్పుడో జారిపోయింది. గజానికి మూడు అడుగులని స్కూల్లో నేర్చుకున్న పిల్లవాడు 200ని 3తో గుణించి 600 చదరపు అడుగులంటాడు. నిజానికి మూడు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉన్న గడి ఒక చదరపు గజం. అందులో అడుగు గళ్లు తొమ్మిది పడతాయి. 200 × 9 అంటే 1,800 చదరపు అడుగులు. తప్పు లెక్కలో ప్లాటు మూడో వంతుకు కుదించుకుపోయింది.

అదే ప్లాటును చదరపు మీటర్లలో చెప్పాలంటే అడుగును, అంటే 0.3048 మీటరును, వర్గం చేయాలి. 0.3048 × 0.3048 సుమారు 0.0929. దాన్ని 1,800తో గుణిస్తే 167.2 చదరపు మీటర్లు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. వర్గం ఉన్న చోట గుణకాన్ని రెండుసార్లు, ఘనం ఉన్న చోట మూడుసార్లు వాడాలి. అంకెతో పాటు ప్రమాణం కూడా వర్గమో ఘనమో కావాలి.

ఇంటి కింద సంపు 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉందనుకుందాం. ఘనపరిమాణం 3 ఘనపు మీటర్లు. లీటరంటే 1000 ఘనపు సెంటీమీటర్లు. మీటరుకు 100 సెంటీమీటర్లు కాబట్టి 3 × 100 = 300 ఘనపు సెంటీమీటర్లని రాస్తే సంపులో పట్టేది 0.3 లీటర్లు. పెద్ద గ్లాసుడు మంచినీళ్లు. సరైన లెక్కలో 100 × 100 × 100, అంటే ఘనపు మీటరుకు పది లక్షల ఘనపు సెంటీమీటర్లు, 1000 లీటర్లు. సంపులో 3,000 లీటర్లు పడతాయి. రెండు జవాబులకు మధ్య తేడా పదివేల రెట్లు. ఇంత తేడా ఉన్నా పరీక్ష కాగితం మీద రెండూ మామూలు అంకెల్లాగే కనిపిస్తాయి.

'హైటు 5.6' అనే అలవాటూ ఇలాంటిదే. పెళ్లి బయోడేటాల్లో ఐదడుగుల ఆరంగుళాలను 5.6 అని రాస్తారు. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఐదడుగుల ఆరంగుళాలంటే 66 అంగుళాలు, 66 × 2.54 = 167.6 సెంటీమీటర్లు. దాన్ని నిజంగానే 5.6 అడుగులుగా తీసుకుని మారిస్తే 170.7 వస్తుంది. ఉత్తపుణ్యానికి మూడు సెంటీమీటర్లు పెరిగినట్టు.

వానాకాలం వార్తలు: క్యూసెక్కులు, టీఎంసీలు

కృష్ణా, గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. ప్రాజెక్టుకు ఇన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఇన్ని టీఎంసీలు నిల్వ ఉంది అని. క్యూసెక్కులను టీఎంసీల్లోకి మార్చే గుణకం ఎంత అని చాలామంది వెతుకుతారు. అలాంటి గుణకం లేదు. ఎందుకు లేదన్నది తెలుసుకోదగ్గ విషయం.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు. అది ప్రవాహం. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ల ఘనపు అడుగులు, మన లెక్కలో వంద కోట్ల ఘనపు అడుగులు. అది పరిమాణం. మార్పిడి గుణకం ఒకే రకం రాశుల మధ్య మాత్రమే ఉంటుంది. దూరాన్ని దూరంలోకి, కాలాన్ని కాలంలోకి మార్చవచ్చు. ప్రవాహం పరిమాణం కావాలంటే ఎంతసేపు పారిందో చెప్పాలి. లక్ష క్యూసెక్కులు 24 గంటలు వస్తే:

1,00,000 ఘ.అ/సె × 86,400 సె = 864 కోట్ల ఘ.అ = 8.64 టీఎంసీ

సెకను కొట్టుకుపోయి ఘనపు అడుగులే మిగిలాయి చూడండి. ప్రమాణాలు రాసి ఉంటే 'కాలం ఏది?' అని లెక్కే అడుగుతుంది. శ్రీశైలం జలాశయం సామర్థ్యం సుమారు 215.8 టీఎంసీలు. ఖాళీ జలాశయంలోకి లక్ష క్యూసెక్కులు ఆగకుండా వస్తూ, చుక్క కూడా కిందికి వదలకపోతే నిండడానికి 25 రోజులు పడుతుందని ఇదే లెక్క చెబుతుంది. నాలుగు లక్షల క్యూసెక్కులైతే వారం లోపే. వరద రోజుల్లో గేట్లు ఎప్పుడు ఎత్తుతారనే అంచనాకు ఆధారం ఈ చిన్న గుణకారమే.

లీటర్లలో చెప్పాలంటే అడుగును ఘనం చేయాలి. ఘనపు అడుగుకు 28.3 లీటర్లు. ఒక టీఎంసీ సుమారు 2,830 కోట్ల లీటర్లు.

కరెంటు బిల్లు దగ్గరా ఇదే తికమక. కిలోవాట్ అంటే ఎంత జోరుగా కరెంటు కాలుతోందన్నది. బిల్లులో 'యూనిట్' అంటే కిలోవాట్ అవర్, మొత్తం ఎంత కాలిందన్నది. 2 కిలోవాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్ కాబట్టి యూనిట్‌కు 1000 జౌల్/సె × 3600 సె, అంటే 36 లక్షల జౌళ్లు. క్యూసెక్కుకూ టీఎంసీకీ ఉన్న సంబంధమే కిలోవాట్‌కూ యూనిట్‌కూ ఉంది.

ఆకాశంలో ఇంధనం అయిపోయిన రోజు

అంకె పక్కన ప్రమాణం లేకపోతే ఏమవుతుందో చూపే ఉదాహరణల్లో 1983 జులై 23న కెనడాలో జరిగినది ముఖ్యమైనది. దాని గురించి చెప్పుకునేటప్పుడు 'పౌండ్లకూ కిలోలకూ తేడా వచ్చింది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. కానీ లెక్క చూస్తేనే తప్పు ఎంత మామూలుగా జరిగిందో తెలుస్తుంది.

ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. ఆ దేశం అప్పుడు మెట్రిక్ పద్ధతికి మారుతోంది. ఆ కంపెనీలో ఇంధనాన్ని కిలోగ్రాముల్లో లెక్కించే కొత్త విమానాలివి. ఆ రోజు ఇంధన మీటర్లు పనిచేయడం లేదు కాబట్టి ట్యాంకులో కొలిచి చూశారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోగ్రాములు. ఇంకెన్ని లీటర్లు పోయాలి?

లీటర్లను బరువులోకి మార్చడానికి వాళ్లు వాడిన గుణకం 1.77. ఇన్నేళ్లుగా అలవాటైన అంకె అది. 7,682ని 1.77తో గుణిస్తే 13,597. దాన్ని 22,300లోంచి తీసేస్తే 8,703. మళ్లీ 1.77తో భాగిస్తే దాదాపు 4,917 లీటర్లు. అంతే నింపారు.

గుణకారంలో గానీ, తీసివేతలో గానీ, భాగహారంలో గానీ ఒక్క అంకె తప్పు లేదు. 1.77 కూడా సరైనదే. అది లీటరుకు 1.77 పౌండ్లు. 13,597 వచ్చింది పౌండ్లలో. కావాల్సిన 22,300 కిలోగ్రాముల్లో ఉంది. పౌండ్లను కిలోల్లోంచి తీసేశారు. వాడాల్సిన గుణకం లీటరుకు సుమారు 0.8 కిలోగ్రాములు. దానితో లెక్కిస్తే ట్యాంకులో ఉన్నది దాదాపు 6,170 కిలోలు, పోయాల్సింది 20,000 లీటర్లకు పైనే. నాలుగో వంతు కూడా పోయలేదు. మొత్తం కలిపి విమానంలో ఉన్నది కావాల్సిన దానిలో సగం కంటే తక్కువ.

ఒట్టావాలో మళ్లీ చూసుకున్నారు. అదే 1.77తో చూసుకున్నారు కాబట్టి అంతా సరిగ్గానే ఉన్నట్టు తేలింది. ఇది గమనించాల్సిన సంగతి. తప్పు గుణకంతో రెండోసారి సరిచూసుకుంటే తప్పే రెండోసారి ఖాయమవుతుంది. 41,000 అడుగుల ఎత్తున ఉండగా ఇంధన హెచ్చరికలు మొదలయ్యాయి, కాసేపటికే ఇంధనం అయిపోయి ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్, ఫస్ట్ ఆఫీసర్ మోరిస్ క్వింటల్ ఆ పెద్ద విమానాన్ని గ్లైడర్‌లా దించి, గిమ్లీలో పాత వైమానిక స్థావరం రన్‌వే మీద ఆపారు. విమానంలో ఉన్న 69 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ది ఇంకో రకం తప్పు. 1998 డిసెంబరులో బయలుదేరిన ఆ నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర జాడ లేకుండా పోయింది. దాని చిన్న రాకెట్లు ఇచ్చే నెట్టుడు వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో అందించింది. అందుకున్నవాళ్లు న్యూటన్-సెకన్లనుకున్నారు. పౌండు బలమంటే 4.45 న్యూటన్లు. నెలల తరబడి ఆ తేడా పేరుకుని, 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లాల్సిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయిందని అంచనా వేశారు. కెనడాలో గుణకం ప్రమాణం మరిచారు. ఇక్కడ గుణకాన్ని వాడాలన్న సంగతే తెలియలేదు, ఎందుకంటే చేతులు మారిన అంకెలు వాటి ప్రమాణాన్ని వెంట తీసుకెళ్లలేదు.

ఇన్ని కొలతలు ఎందుకు మిగిలాయి

భారతదేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలయ్యాయి, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా వాడుకలోకి వచ్చాయి. పదహారు అణాల రూపాయి వంద పైసలైనప్పుడు అణాకు 6.25 పైసలు వస్తుంది. పావు పైస నాణెం లేదు కాబట్టి సర్దుబాటు పట్టికలు పెట్టుకోవాల్సి వచ్చింది. ఒకరకంగా దేశమంతా మార్పిడి గుణకాల పాఠం చదివిన రోజులవి.

శేరు, వీశె దాదాపు పోయాయి. భూమి, బంగారం మాత్రం పాత మాటల్లోనే ఉన్నాయి. పాత తులం 11.66 గ్రాములు. ఇవాళ వాడుకలో చాలామందికి తులం అంటే 10 గ్రాములు. ఎకరానికి తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. రెండు ప్రాంతాల చుట్టాలు పొలం గురించి మాట్లాడుకుంటే గుంటకు రెండున్నర సెంట్లని మార్చుకోవాలి. గుంటకు 121 చదరపు గజాలు, సెంటుకు 48.4. మాట ఒకటే ఉండి విలువ మారడం, విలువ ఒకటే ఉండి మాట మారడం రెండూ మన చుట్టూ ఉన్నాయి. ప్రమాణాల మార్పిడిని పరీక్ష పాఠంగా మాత్రమే చూపిస్తే పిల్లలకు ఈ సంబంధం అందదు.

గుణకం పనిచేయని చోటు

సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చడానికి గుణకం ఒక్కటే చాలదు. 37 డిగ్రీల సెల్సియస్‌ను 1.8తో గుణిస్తే 66.6 వస్తుంది. ఒంటి ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో 98.6 అని థర్మామీటర్ చూసిన ఎవరికైనా తెలుసు. మిగతా 32 ఎక్కడిది? గుణకం పనిచేయాలంటే రెండు కొలతలకూ సున్నా ఒకేచోట ఉండాలి. సున్నా కిలోలంటే సున్నా పౌండ్లే. సున్నా డిగ్రీల సెల్సియస్ మాత్రం 32 డిగ్రీల ఫారెన్‌హీట్. స్కేళ్లు మొదలయ్యే చోటే వేరు కాబట్టి గుణించి, ఆపైన 32 కలపాలి.

అయితే ఉష్ణోగ్రతలో తేడాకు గుణకం చాలు. భూతాపం 2 డిగ్రీల సెల్సియస్ పెరగడమంటే 3.6 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరగడం. సూత్రమంతా వాడి 32 కలిపితే 35.6 వచ్చి అర్థం మొత్తం మారిపోతుంది. ఇంటర్‌లో వాయు నియమాల దగ్గరా ఇదే. 27 డిగ్రీల వాయువు ఉష్ణోగ్రత రెట్టింపైతే 54 అని రాస్తారు. రెట్టింపును అసలు సున్నా నుంచి మొదలయ్యే కెల్విన్ స్కేలులో చూడాలి, అందులో 27 డిగ్రీలంటే 300. రెట్టింపు 600 కెల్విన్, అంటే 327 డిగ్రీల సెల్సియస్.

పదార్థాన్ని బట్టి మారే గుణకం

అంగుళానికి 2.54 సెంటీమీటర్లు ఎక్కడైనా, దేనికైనా ఒకటే. 1959 నుంచి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అది నిర్వచనం కూడా. రసాయనశాస్త్రంలో గ్రాముల నుంచి మోల్‌లకు (మోల్ అంటే నిర్ణీత సంఖ్యలో అణువులు) వెళ్లే గుణకం అలాంటిది కాదు. నీటికి మోల్‌కు 18 గ్రాములు, గ్లూకోజ్‌కు 180. కెనడా లెక్కలో 0.8 కూడా ఆ ఇంధనానికే వర్తిస్తుంది, నీటికి వర్తించదు.

దీని అవసరం ఇప్పుడు చాలా తెలుగు ఇళ్లలో పడుతోంది. మన దగ్గర, అమెరికాలో షుగర్ రిపోర్టు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో లీటరుకు మిల్లీమోల్‌లలో ఇస్తారు. బ్రిటన్‌లో ఉన్న కొడుకు దగ్గరికెళ్లిన తల్లికి పరగడుపున 7.0 అని రిపోర్టు వస్తే ఇంట్లో టెన్షన్. 7 ఏమిటి, ఇంత తక్కువా అని. లెక్క ఇలా ఉంటుంది:

7.0 మిల్లీమోల్/లీ × (180 మి.గ్రా / 1 మిల్లీమోల్) × (1 లీ / 10 డెసిలీ) = 126 మి.గ్రా/డెసిలీ

పరగడుపున డయాబెటిస్‌గా పరిగణించే హద్దు ఇదే 126. తక్కువేం కాదు. 180ని 10తో భాగిస్తే 18 వచ్చింది కాబట్టి షుగర్ లెక్కకు '18తో గుణించు' అని చెప్పుకుంటారు. ఆ 18 గ్లూకోజ్‌ది మాత్రమే. అదే రిపోర్టులో కింద కొలెస్టరాల్ 5.2 అని ఉంటుంది. కొలెస్టరాల్ మోల్ బరువు సుమారు 386.7 గ్రాములు కాబట్టి దాని గుణకం 38.67. దానితో గుణిస్తే 201. అలవాటుగా 18తోనే గుణిస్తే 94 వచ్చి, కొలెస్టరాల్ బాగా తక్కువగా ఉందనిపిస్తుంది.

ఫోన్‌లో మార్పిడి యాప్‌కు అడుగులు, మీటర్లు, పౌండ్లు, కిలోలు బాగానే తెలుసు. 5.2 అని కొడితే అది గ్లూకోజో కొలెస్టరాలో, లక్ష క్యూసెక్కులు ఎన్ని గంటలు వచ్చాయో, రెండు వందల గజాలు పొడవో వైశాల్యమో దానికి తెలియదు. అది కొడుతున్నవాళ్లు చెప్పాల్సిందే.